మధ్యలో ఆడినవాడు

ఆయన్ని మొదటిసారి చూసింది విజయవాడ రైల్వేస్టేషన్లో. మా స్కూలు కరస్పాండెంటుగారు నన్ను పిలిచి, "మీరు యూనివర్సిటీకి ఫుట్‌బాల్ ఆడారు గదమ్మా, ఇంగ్లీషు కూడా మాట్లాడతారు, మీరే వెళ్లి తీసుకురండి" అని ఒక పూలదండా, చుట్టచుట్టిన ఫ్లెక్సీ చేతిలో పెట్టారు. ఫ్లెక్సీ విప్పితే 'అంతర్జాతీయ కోచ్‌గారికి స్వాగతం' అని పెద్దక్షరాలు, పక్కన ఎర్రరంగు మీద తెల్ల శిలువ ఉన్న జెండా. చెన్నై బండి దిగి, భుజాన ఒకే ఒక్క సంచితో నిలబడ్డ ఆ పొడుగాటి మనిషి జెండా వంక చూసి నవ్వాడు.

"ఇది స్విట్జర్లాండ్ వాళ్లది. ఫరవాలేదు, వాళ్లు మాకంటే ధనవంతులు" అన్నాడు.

ఆయనది డెన్మార్క్. అప్పటికి నలభై ఒక్కేళ్లు. పదిహేడేళ్లపాటు అక్కడి క్లబ్బుల్లో మిడ్‌ఫీల్డర్‌గా, అంటే మైదానం మధ్యలో, ఆడి, ఆట మానేసిన కొన్నేళ్లకి, కోచ్‌లని విదేశాలకు పంపే ఏదో సంస్థ ద్వారా మా స్కూలుకి రెండేళ్లకని వచ్చాడు. మాది గుంటూరు నుంచి చిలకలూరిపేట వెళ్లే రోడ్డు దిగి లోపలికి నాలుగు కిలోమీటర్లు వెళితే వచ్చే ఊరు. నేను ఆ స్కూల్లో డ్రిల్లు టీచర్ని. మా ఇంటి పైన ఒక గది ఖాళీగా ఉంటే ఆయన్ని అందులో దించారు. కింద అమ్మా నేనూ ఉండేవాళ్లం.

కారం లేకుండా కూర వండటం మా అమ్మకి అరవై ఏళ్ల జీవితంలో అదే మొదటిసారి. నాలుగెకరాల్లో మిరప వేసే మనిషి, పప్పులో ఒక్క ఎండుమిరపకాయ వేసి, తాలింపు అయ్యాక దాన్ని ఏరి పారేసి, "ఇదేం తిండే, ఆస్పత్రిలో రోగికి పెట్టినట్టు" అని బాధపడేది. ఆయన మాత్రం ఆ పప్పన్నం ముందు వినయంగా కూర్చుని, కళ్లనీళ్లు తుడుచుకుంటూ మొత్తం తినేవాడు. అమ్మ ఆయన్ని బాబూ అనేది. ఊళ్లోవాళ్లు తెల్లాయన అనేవారు. పిల్లలు కోచ్ సార్ అనేవారు.

మా గ్రౌండు నల్లరేగడి నేల. వానాకాలం బూటు పెడితే ఊడిరాదు. ఎండాకాలం నెర్రెలు తీసి, ఆ నెర్రెల్లో చిన్నపిల్లల పాదం పడుతుంది. చలికాలం రెండు మూడు నెలలే ఆటకి బాగుంటుంది, ఆ తర్వాత గ్రౌండు పక్కన రైతులు మిరపకాయలు ఆరబోస్తారు. గాలి ఇటు తిరిగిందంటే ఇరవైరెండు మంది పిల్లలూ తుమ్ముకుంటూ నిలబడాల్సిందే. ఆయన మొదటి వారంలోనే గ్రౌండంతా నడిచి, నెర్రెలున్న చోటల్లా ముగ్గుపిండి చల్లించాడు. ఎక్కడ కాలు మడతపడుతుందో పిల్లలకి తెలియాలని.

ఆయన నేర్పింది పెద్ద విద్యలేం కాదు. బంతి నీ దగ్గరికి వచ్చేలోపు కుడిభుజం మీదుగా ఒకసారి, ఎడమభుజం మీదుగా ఒకసారి వెనక్కి చూడు. మధ్యలో ఆడేవాడికి నాలుగువైపులా శత్రువులే, బంతి కాలికి తగిలాక చూస్తే ఆలస్యమైపోతుంది. రోజూ గంటసేపు ఇదే. మా పిల్లలకి పుస్తకాల్లో ఇంగ్లీషు ఉంది గానీ నోట్లో లేదు, పైగా ఆయన యాస వాళ్లకి అంతుపట్టేది కాదు. ఆయన చెప్పిందల్లా నేను తెలుగులో చెప్పాలి, వాళ్లు చెప్పింది నేను ఇంగ్లీషులో చెప్పాలి. రెండు నెలలకి నేను లేకుండా ఆయన ఒక్క అడుగు వెయ్యలేని పరిస్థితి వచ్చింది. అది నాకు గర్వంగా ఉండేదని ఒప్పుకోవాలి.

పిల్లల్లో ఒకమ్మాయి ఉండేది. తొమ్మిదో తరగతి. ఊళ్లో పరుపులు, దిండ్లు కుట్టే దూదేకుల కుటుంబం వాళ్లది. సన్నగా, గట్టిగా ఉండేది. ఆ పిల్లకి వెనక్కి చూడటం చెప్పాల్సిన అవసరమే రాలేదు, పుట్టుకతోనే వచ్చినట్టు చూసేది. బంతి వచ్చేసరికి దాన్ని ఎవరికి పంపాలో ముందే తేల్చుకుని ఉండేది. ఆయన మొదటి రోజే నా వైపు తిరిగి, "ఈ పిల్ల నాకంటే మంచి మిడ్‌ఫీల్డర్ అవుతుంది" అన్నాడు. ఆ మాట కూడా అనువాదం చెయ్యమంటారా అని అడిగితే, "వద్దు, చెడిపోతుంది" అన్నాడు.

ఆయన తన సంగతులు సాయంత్రాలు మా అరుగు మీద కూర్చుని చెప్పేవాడు. అమ్మ మిరపకాయల తొడాలు తీస్తూ వినేది, నేను మధ్యమధ్యలో ఆమెకి తెలుగులో చెబుతుండేదాన్ని.

సముద్రం ఒడ్డున చిన్న ఊరు. తండ్రి చేపలు డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీలో పనివాడు. పదిహేడో ఏట ఊరి క్లబ్బుకి ఆడటం మొదలుపెట్టాడు, ఇరవై ఒకటికి పెద్ద లీగులోకి వెళ్లాడు. ఇరవై నాలుగో ఏట దేశం జట్టు నుంచి ఒకే ఒక్కసారి పిలుపొచ్చింది. తండ్రి ఫ్యాక్టరీకి సెలవు పెట్టి, వానలో స్టేడియంలో కూర్చున్నాడు. ఆయన తొంభై నిమిషాలూ బెంచీ మీదే ఉన్నాడు. రెండుసార్లు లేపి ఒళ్లు వేడెక్కించుకోమన్నారు. రెండుసార్లూ మళ్లీ కూర్చోమన్నారు. ఆ తర్వాత ఎప్పుడూ పిలవలేదు.

"ఆ చొక్కా ఉందా బాబూ ఇప్పుడూ?" అని అమ్మ అడిగించింది.

"నాన్న పోయినప్పుడు ఆయనకే తొడిగి పాతిపెట్టాం" అన్నాడు.

అమ్మ చేతిలో పని ఆపి, లోపలికెళ్లి ఆయనకి మజ్జిగ తెచ్చిచ్చింది.

అక్కణ్ణుంచి ఆయన కథంతా దిగుడే. క్లబ్బు కింది లీగుకి పడిపోయింది. మోకాలికి రెండుసార్లు ఆపరేషన్ అయింది. ఆఖరి నాలుగేళ్లు పొద్దున్నే ఇళ్లకి ఉత్తరాలు పంచి, సాయంత్రం ఆట ఆడేవాడు. చివరి మ్యాచ్ చూడటానికి వచ్చినవాళ్లలో సగంమంది ఆటగాళ్ల కుటుంబాలేనట. మానేశాక ఉత్తరాల పని మిగిలింది, భార్య మిగల్లేదు. ఆమె మీద నింద వేస్తూ ఒక్క మాట కూడా అనలేదు. "నేను ఇంట్లో ఉండి కూడా లేనట్టు ఉండేవాణ్ణి" అన్నాడంతే.

ఒక సంగతి పిల్లలకి కూడా చెప్పాడు. ఒక మ్యాచ్‌లో అవతలివాడి మోచెయ్యి కణతకి తగిలి కిందపడ్డాడు. లేపారు, బాగానే ఉన్నానన్నాడు, ఆడాడు. ఆ తర్వాత గోలు కూడా వేశాడు. తను గోలు వేసిన సంగతి మర్నాడు పేపర్లో చదివి తెలుసుకున్నాడు. ఇది నేను తెలుగులో చెప్పగానే పిల్లలు విరగబడి నవ్వారు. ఆయనా నవ్వాడు. తర్వాత వేలు చూపించి, నవ్వకుండా ఒక నియమం పెట్టాడు. ఎవరి తలకైనా దెబ్బ తగిలితే మూడు ప్రశ్నలు. ఇది ఏ ఊరు, స్కోరెంత, మన ఆఖరి గోలు ఎవరు వేశారు. ఒక్కదానికి జవాబు రాకపోయినా ఆ రోజుకి ఆట బంద్. గోల్‌కీపర్లు గాల్లోకి తన్నిన బంతులన్నీ ఎప్పుడూ మధ్యలో ఆడేవాడి నెత్తినే దిగుతాయనీ, తన తల మీద ఎన్ని వేలు దిగాయో లెక్కలేదనీ నాతో విడిగా అన్నాడు.

రెండో ఏడాది వానలు తగ్గేసరికి అమ్మ మొదట కనిపెట్టింది.

"ఆ అబ్బాయికి మతి నిలవట్లా" అంది ఒకరోజు.

"ఊరుకో అమ్మా, భాష రాక తికమకపడతాడు."

"భాష కాదే. నిన్న చెప్పిన బెంచీ కథ ఇవాళ మళ్లీ చెప్పాడు. మా అత్తకి ఇట్టాగే మొదలైంది. ముందు కథలు రెండుసార్లు, తర్వాత అన్నం రెండుసార్లు."

నేను నమ్మలేదు. తర్వాత పిల్లల పేర్లు తడబడటం చూశాను. చొక్కా జేబులో చిన్న నోటుపుస్తకం పెట్టుకుని, ప్రతి పిల్ల పేరు పక్కన 'రెండు జడలు', 'ఎడమకాలు', 'చెవి పక్కన మచ్చ' అని రాసుకునేవాడు. పొద్దున చేయించిన కసరత్తు అరగంటకి మళ్లీ మొదలుపెట్టేవాడు. పిల్లలు నా వంక చూస్తే, చెయ్యండి, సార్ కావాలనే చేయిస్తున్నారు అనేదాన్ని. ఒకరోజు మధ్యాహ్నం సైకిలు మీద స్కూలు నుంచి బయల్దేరి ఇంటికి రాలేదు. కిలోమీటరున్నర దారి అది. రెండు గంటలు వెతికితే పక్కూరి జిన్నింగ్ మిల్లు గేటు దగ్గర, పత్తి లోడు ట్రాక్టర్ల మధ్య సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నన్ను చూడగానే ముఖం ఎర్రబడింది. "ఈ దారి నాకు తెలుసు. కానీ ఇందులో ఎటు వెళ్లాలో తెలియలేదు" అన్నాడు.

గుంటూరు బ్రాడీపేటలో ఒక నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆ డాక్టరు స్కానింగ్ తీయించి చూశాడు. ఈ వయసుకి మెదడు ఇంతగా కుదించుకుపోకూడదనీ, పాత దెబ్బల ప్రభావం కావచ్చనీ, వాళ్ల దేశం వెళ్లి పూర్తిగా పరీక్షలు చేయించుకోమనీ చెప్పాడు. బయటికి వచ్చి ఆటో కోసం నిలబడ్డాం.

"ఫిబ్రవరిలో టోర్నమెంట్ ఉంది కదా. అది అయ్యేదాకా ఎవరికీ చెప్పకండి. తర్వాత నేనే వెళ్లిపోతాను" అన్నాడు.

"అప్పటిదాకా ఎలా?"

"నాకు గుర్తుండనివి మీరు గుర్తుపెట్టుకోండి, టీచర్."

సరేనన్నాను.

ఆడపిల్లల టోర్నమెంట్ ఫైనల్ గుంటూరులో జరిగింది. మా స్కూలు అంతదూరం రావడం అదే మొదటిసారి. నేను ఆడిన రోజుల్లో కూడా ఏ ఫైనల్‌కీ వెళ్లలేదు, ఏడేళ్ల ఉద్యోగంలో ఒక్క కప్పూ తెచ్చింది లేదు. కరస్పాండెంటుగారు తెల్లచొక్కా వేసుకుని వచ్చి గీత పక్కన కుర్చీలో కూర్చున్నారు. ఆ పిల్ల అప్పటికి పదో తరగతి. మొదటి సగంలో ఆ పిల్లే గోలు వేసింది. విరామం తర్వాత అవతలివాళ్లు ఒకటి వేశారు.

రెండో సగం మొదలైన పది, పదిహేను నిమిషాలకి వాళ్ల గోల్‌కీపర్ పెద్దగా తన్నింది. బంతి గాల్లో చాలాసేపు ఉండి మధ్యలో దిగింది. మా పిల్లా, వాళ్ల పిల్లా ఒకేసారి ఎగిరారు. రెండు తలలూ కొట్టుకున్న చప్పుడు గీత దగ్గర నిలబడ్డ నాకు వినపడింది. వాళ్ల పిల్ల లేచి తల రుద్దుకుంది. మా పిల్ల లేవలేదు.

ఆయనా నేనూ పరుగెత్తాం. మేం వెళ్లేసరికి కళ్లు తెరిచి, లేచి కూర్చుంది. ఆయన మోకాళ్ల మీద కూర్చుని ఆ పిల్ల ముఖం రెండు చేతుల్లోకి తీసుకుని మొదటి ప్రశ్న అడిగాడు. నేను తెలుగులో అడిగాను.

"ఇది ఏ ఊరమ్మా?"

"గుంటూరు."

"స్కోరెంత?"

ఆ పిల్ల నా వంక చూసింది. "ఏం స్కోరు టీచర్?"

ఆయన నా అనువాదం కోసం ఆగకుండా మూడోది కూడా అడిగాడు. నేనూ అడిగాను. "మన గోలు ఎవరేశారు?"

"నాకు తెలవదు టీచర్. తల తిరుగుతా ఉంది."

"ఏమంటోంది?" అన్నాడు ఆయన.

గీత అవతల పిల్లలు ఆ అమ్మాయి పేరు అరుస్తున్నారు. కరస్పాండెంటుగారు కుర్చీలోంచి లేచారు గానీ నన్నేం అనలేదు, సైగ కూడా చెయ్యలేదు. ఆ అబద్ధం నాతో ఎవరూ చెప్పించలేదు.

"ఒకటీ ఒకటీ అంటోంది. గోలు తనే వేశానంటోంది. ఆడతానంటోంది."

ఆయన ఆ పిల్ల కళ్లలోకి చూశాడు. తర్వాత నా కళ్లలోకి చూశాడు. తల ఊపి లేచాడు.

ఆ తర్వాత పన్నెండు నిమిషాలు ఆడింది ఆ పిల్ల. రెండుసార్లు బంతిని మంచిగా పంపింది కూడా. నా అంచనా తప్పు కాదని లోపల సంతోషపడ్డాను. ఆపైన ఆట జరుగుతుండగానే గ్రౌండు మధ్యలోంచి నడుచుకుంటూ మా వైపు వచ్చింది. కాళ్లు ఒకదానికొకటి అడ్డం పడుతున్నాయి. గీత దగ్గర కూర్చుని వాంతి చేసుకుని, పక్కకి ఒరిగిపోయింది. ఎంత పిలిచినా పలకలేదు.

ఆస్పత్రిలో ఆ సాయంత్రమే ఆపరేషన్ చేశారు. మెదడు పైన రక్తం చేరిందన్నారు. తొమ్మిది రోజులు స్పృహ లేదు. వాళ్ల అమ్మ ఆ తొమ్మిది రోజులూ మెట్ల మీదే కూర్చుంది, ఎవరెన్ని చెప్పినా కుర్చీ ఎక్కలేదు. మ్యాచ్ ఏమైందో నాకు మూడోరోజు ఎవరో చెప్పారు. ఏడుస్తూ ఆడిన మా పిల్లల మీద అవతలివాళ్లు ఇంకో రెండు గోల్స్ వేశారట.

ఐదోరోజు కరస్పాండెంటుగారు తన గదిలో అందర్నీ కూర్చోబెట్టారు. కోచ్ సార్, నేను, ఆ పిల్ల తండ్రి. ఆ తండ్రి కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. జుట్టులో, కనుబొమల్లో పత్తి నూగు ఉంది. పనిలోంచి లేచి వచ్చినట్టున్నాడు.

"దెబ్బ తగిలాక మీరు అమ్మాయిని పరీక్షించారా?" అని కరస్పాండెంటుగారు ఇంగ్లీషులో అడిగారు.

ఆయన జేబులోంచి నోటుపుస్తకం తీశాడు. పేజీలు తిప్పాడు. విరామంలో రాసుకున్నదే ఆఖరిది. దాని తర్వాత ఏమీ లేదు. పుస్తకం మూసి నా వైపు చూశాడు. ఆ చూపు నాకర్థమైంది. గుర్తు చెయ్యమని అడుగుతున్నాడు. నేను బల్ల మీదున్న పేపర్‌వెయిట్ వంక చూస్తూ కూర్చున్నాను.

"నాకు గుర్తు లేదు" అన్నాడు.

ఆ పిల్ల తండ్రి నా వైపు తిరిగాడు. "ఏమంటన్నాడమ్మా?"

"గుర్తు లేదంటున్నారు."

"గుర్తు లేదా? నా బిడ్డ తల పగిలితే గుర్తు లేదా?" అని లేచి నిలబడ్డాడు. తర్వాత తెలుగులో తిట్టినవన్నీ ఆయన తల వంచుకుని, ఒక్క ముక్క అర్థం కాకపోయినా, పూర్తిగా విన్నాడు. అలిసిపోయి ఆ తండ్రి నన్నే అడిగాడు. "నువ్వు పక్కనే ఉన్నావు గదమ్మా. అడిగాడా, లేదా?"

"ఆ అరుపుల్లో నాకు సరిగ్గా వినపళ్లేదండీ" అన్నాను.

ఆయన్ని పంపించెయ్యడానికి నిర్ణయం అయిపోయింది. పది రోజులు మా ఇంటి పైగదిలోనే ఉన్నాడు. తిండి సరిగ్గా తినలేదు. ఆస్పత్రికి రెండుసార్లు వెళితే ఆ పిల్ల బంధువులు లోపలికి రానివ్వలేదు. పిల్లకి స్పృహ వచ్చిందని నేనే చెప్పాను. మంచం మీద కూర్చుని, "నేను ఎలా అడక్కుండా ఉంటాను?" అని తనలో తను అనుకోవడం మెట్ల మీద నిలబడి విన్నాను. విని కిందికి వచ్చేశాను. అమ్మకి కూడా చెప్పలేదు.

విమానాశ్రయానికి నేనే తీసుకెళ్లాలి. మంగళగిరి దాటి తాడేపల్లి వచ్చేసరికి వంతెన మీద లారీ ఆగిపోయి, వరసగా బండ్లు నిలిచిపోయాయి. డ్రైవరు ఏమైందో చూసొస్తానని దిగాడు. కింద కృష్ణలో నీళ్లు బాగా తగ్గి ఇసుక తిన్నెలు తేలి ఉన్నాయి. ఆయన అటు చూస్తూ కూర్చున్నాడు.

"మీరు అడిగారు. మూడు ప్రశ్నలూ అడిగారు. ఆ పిల్లకి రెండు తెలియలేదు. నేను మీకు అబద్ధం చెప్పాను" అన్నాను.

ఆయన నా వైపు తిరిగాడు. "మూడూ అడిగానా?"

"మూడూ."

రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. ఏడవలేదు. నీళ్లలోంచి పైకి వచ్చినవాడిలా ఊపిరి తీసుకున్నాడు. తర్వాత చేతులు తీసి, "ఎందుకు?" అన్నాడు.

"గెలవాలనిపించింది."

"ఆ ఆఫీసులో, నా ఎదురుగా కూర్చుని కూడా చెప్పలేదు మీరు."

"లేదు."

"నేను మరిచిపోయానని మీకు తెలుసు."

"తెలుసు."

ఆయన నోటుపుస్తకం, పెన్నూ నా ఒళ్లో పెట్టాడు. "రాయండి. నేను ఏం అడిగానో, పిల్ల ఏం చెప్పిందో, మీరేం చెప్పారో. కింద సంతకం పెట్టండి." రాసి ఇచ్చాను. రెండుసార్లు చదువుకున్నాడు. "ఇదే మీ భాషలో రాసి ఆ తండ్రికివ్వండి. నేను రేపటికి ఈ కారునే మరిచిపోవచ్చు. మీరు మరిచిపోరు" అన్నాడు. విమానాశ్రయంలో దిగాక మా అమ్మకి నమస్కారం చెప్పమన్నాడు. నాతో ఏమీ అనలేదు.

మర్నాడు కాగితం పట్టుకుని ఆ పిల్ల ఇంటికి వెళ్లాను. వాకిట్లో పందిరి కింద దూది ఏకే మిషను నడుస్తోంది. ఆ తండ్రి దాన్ని ఆపాడు. నేను నిలబడే చదివాను. చదవడం అయ్యాక, "ఇంకోసారి చదువమ్మా" అన్నాడు. చదివాను.

"ఆఫీసులో నేను నిన్ను అడిగా గదా."

"అడిగారు."

"ఆ తెల్లాయన్ని నేనేమేం తిట్టానో నాకు తెలుసు. దేశం దాటి పోయాడు. ఇప్పుడు నేనేం చెయ్యాల?"

లోపల్నించి ఆ పిల్ల తల్లి వచ్చి, నా చేతిలోంచి కాగితం లాక్కున్నట్టుగా తీసుకుని, "పో ఇంక" అంది.

కరస్పాండెంటుగారికి కూడా చెప్పాను. ఆయన తలుపు దగ్గరగా వేయించి, "ఎందుకమ్మా ఇప్పుడు ఇదంతా? ఆయన వెళ్లిపోయాడు, ఆయన మీదే పోయింది. మీ ఉద్యోగానికేం ఢోకా లేదు" అన్నారు. ఆ మాట విన్నాక అక్కడ ఉండలేకపోయాను. వారానికల్లా మానేశాను. అమ్మకి అప్పుడు చెప్పాను. అమ్మ నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు, ఐదోరోజు చేలోకి రమ్మంది. అప్పటినుంచి ఇద్దరం మిరప చేలోనే.

ఆ పిల్ల రెండు నెలలకి ఇంటికొచ్చింది. ఎడమచెయ్యి సరిగ్గా లేవదు. నెలకి రెండు మూడుసార్లు ఫిట్స్ వస్తాయి. పదో తరగతి రెండేళ్లు ఆలస్యంగా రాసి పాసైంది. ఇప్పుడు తండ్రి కొట్టులో కూర్చుని దిండు గలీబులు లెక్కపెట్టి ఇస్తుంటుంది.

ఆయన దగ్గర్నుంచి మొదట్లో రెండు ఉత్తరాలు వచ్చాయి. రెండింట్లోనూ ఆ పిల్ల ఎలా ఉందని అడిగాడు. రెండూ దాదాపు ఒకటే ఉత్తరం. తర్వాత ఆయన అక్క రాయడం మొదలుపెట్టింది. ఇలాంటి రోగులుండే ఇంట్లో చేర్పించామనీ, పుట్టిన ఊరి పేరు అడిగినా చెప్పలేకపోతున్నాడనీ, తిండి తినిపించాల్సి వస్తోందనీ పోయిన ఏడు రాసింది. పదిహేడేళ్లు ఆడిన మనిషి గురించి మీ ఊళ్లో ఇంకా ఎవరికైనా గుర్తుందా అని అడుగుతూ రాశాను. పాతవాళ్లు కొందరు పలకరిస్తారని జవాబిచ్చింది.

ఆ పిల్ల ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన మూడోనెలలో ఒక పొద్దున వాళ్లమ్మ మా వాకిట్లోకి వచ్చింది. అమ్మ కూర్చోమంటే కూర్చోలేదు.

"నెలనెలా గుంటూరు పోవాల. ఆ డాక్టరు సగం ఇంగ్లీషులోనే మాట్లాడతాడు. కాయితాలన్నీ ఇంగ్లీషే. మా ఇద్దరికీ ఏం అర్థంగాటంలా. నువ్వు రా" అంది నాతో.

"నేనా?"

"నువ్వే. చేసింది నువ్వే గదా. రా."

అప్పట్నుంచి వెళుతున్నాను. నాలుగేళ్లు దాటింది. పొద్దున ఏడింటి బస్సు. ఆమె నా పక్కన కూర్చోదు, కూతురితో ముందు సీట్లో కూర్చుంటుంది. డాక్టరు చెప్పింది నేను ప్రతి ముక్కా చెబుతాను. చెప్పడం అయ్యాక ఆమె ప్రతిసారీ, "అంతేనా? ఏం దాయలేదు గదా?" అని అడుగుతుంది. దాయలేదని చెబుతాను. అప్పటికీ నమ్మకం కుదరకపోతే డాక్టరునే ఆపి మళ్లీ అడుగుతుంది.

పోయిన నెల ఆ డాక్టరు కొత్త స్కానింగ్ చూసి, ఫిట్స్ ఇక పూర్తిగా పోతాయని అనుకోవద్దనీ, మాత్రలు జీవితాంతం వాడాల్సిందేననీ, ఒంటరిగా నీళ్ల దగ్గరికీ పొయ్యి దగ్గరికీ వెళ్లనివ్వొద్దనీ చెప్పాడు. ఆ అమ్మాయి నా ఎదురుగానే కూర్చుని ఉంది. ఇప్పుడు పంతొమ్మిది నిండాయి. నేను ఒక్క క్షణం ఆగాను. తల్లి నన్నే చూస్తోంది.

మొత్తం చెప్పాను.

"అంతేనా?" అంది తల్లి.

"అంతేనండీ. ఏం దాయలేదు."

ఆమె చీరకొంగుతో ముఖం తుడుచుకుంది. ఆ అమ్మాయి కుడిచేత్తో తన ఎడమచేతిని ఒళ్లోకి సర్దుకుని, "నాకు తెలుసులే టీచర్" అంది. మందుల చీటీ తీసుకుని బయటికొచ్చాం. మాత్రలు కొనడానికి లైన్లో నేను నిలబడ్డాను. వాళ్లిద్దరూ నీడలో, మెట్ల మీద కూర్చున్నారు.